పాటలోంచి బేస్‌ను విడదీసే యాప్: ఒక కవర్స్ బ్యాండ్ బేసిస్టు రివ్యూ

పాటను లోడ్ చేస్తే గొంతు ఒక పక్క, డ్రమ్స్ ఒక పక్క, బేస్ ఒక పక్క, మిగతావన్నీ కలిపి ఇంకో పక్క విడదీసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. వాటిలో ఒకదానికి ఏడాది చందా కట్టి వాడుతున్నాను. పేరు రాయడం లేదు. కింద దాని మీద ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, పైగా నేను చెప్పేదాంట్లో చాలా భాగం ఈ కోవ యాప్‌లన్నిటికీ సరిపోతుంది. కరోకే పాడుకోవడానికి ఇది ఎలా ఉందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బేస్ గిటార్ వాయించేవాడి కోసం రాస్తున్నాను. అందులోనూ ఇతరుల పాటలు వాయించే బ్యాండ్‌లో ఉండి, ఒరిజినల్‌లో ఉన్నది ఉన్నట్టు వాయించాలా, సొంతంగా ఏమన్నా కలపాలా అని రిహార్సల్‌లో రోజూ గొడవ పడేవాడి కోసం.

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. శని, ఆదివారాలు బ్యాండ్. పెళ్లిళ్ల సీజన్ వస్తే మిగతా సాయంత్రాలు కూడా. సంగీత్‌లు, రిసెప్షన్లు, కాలేజీ ఫెస్టులు, అప్పుడప్పుడు హైదరాబాద్‌లో ఏదో ఒక పబ్బులో రెట్రో నైట్. ఇళయరాజా, రెహమాన్ పాటలు సగం ఉంటాయి, ఈ మధ్య వచ్చిన మాస్ పాటలు కొన్ని, ఇంగ్లీషువి నాలుగైదు.

బ్యాండ్ నడిపేది మా కీబోర్డ్ అన్న. ఆర్కెస్ట్రాల కాలం నుంచి వాయిస్తున్నాడు. ఆయన లెక్క చాలా సింపుల్. కార్డ్ (chord) అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, దానికి పునాది స్వరమే రూట్ నోట్, బేస్‌కు అది చాలు: "తమ్మీ, రూట్ నోట్ కొట్టు, టైమ్ తప్పకు. పెండ్లికొచ్చినోడు బిర్యానీ తింటడా, నీ బేస్ వింటడా?" మా డ్రమ్మర్ చిన్నవాడు, చెన్నైలో నేర్చుకొని వచ్చాడు. అతనిది ఇంకో చివర. రికార్డులో లేని ఒక్క నోటు వాయించినా కర్ర ఎత్తి చూపిస్తాడు. "సార్, ఒరిజినల్‌ల లేదది." నాకేమో ఇద్దరి మధ్యా ఉండి, చరణం చివర ఖాళీని నింపే చిన్న ముక్క, అంటే ఫిల్, వేసి పల్లవిలోకి దూకడం ఇష్టం. యాప్ కొన్నది ఈ పంచాయితీ తెగుతుందేమో అన్న ఆశతోనే.

తెగలేదు. కానీ గొడవ ఎక్కడ పడాలో తెలిసింది. నా దృష్టిలో ఇచ్చిన డబ్బుకు అది సరిపోయింది.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. "ఒరిజినల్‌లో ఉన్నట్టు" అని వాదించేవాళ్లలో ఎక్కువమంది ఆ ఒరిజినల్ బేస్‌ను సరిగ్గా విననే లేదు. ఇది తిట్టు కాదు, ఫిజిక్స్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ 'ఈ' (E), దాన్ని ఎక్కడా నొక్కకుండా వదిలేసి మీటితే వచ్చేది 41.2 హెర్ట్జ్. తర్వాత 'ఏ' (A) తీగ 55, 'డీ' (D) 73.4, 'జీ' (G) 98. మన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న టూ-ఇన్-వన్ స్పీకర్‌కు గానీ, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌కు గానీ ఆ ప్రాంతంలో గొంతే లేదు. మరి బేస్ వినిపించినట్టు ఎందుకు అనిపిస్తుందంటే, ఆ 41.2తో పాటు దాని రెట్టింపు 82.4, మూడింతలు 123.6, అలా పైపై హార్మోనిక్స్ కూడా మోగుతాయి. స్పీకర్ పైవాటిని మాత్రమే పలికిస్తే, వాటి మధ్య దూరాన్ని బట్టి కింద ఏ నోటు ఉండాలో మెదడు ఊహించుకుంటుంది. అంటే కేసెట్ల కాలంలో మనం విన్న బేస్‌లో కొంత రికార్డుది, కొంత మన ఊహది. నలుగురు బేసిస్టులు ఒకే పాటను నాలుగు రకాలుగా "కరెక్ట్‌గా" వాయించడం నేను చూశాను. నలుగురూ నిజాయితీపరులే.

యాప్ ఈ మబ్బును చాలావరకు తొలగిస్తుంది. వాడటం తేలిక. పాట ఫైల్ లోడ్ చేస్తే, నెట్ బాగుంటే కాసేపట్లో నాలుగు స్లైడర్లు వస్తాయి. బేస్ పైకి, మిగతావి కిందికి. పాటలో రెండు చోట్ల గుర్తు పెట్టుకొని ఆ ముక్కను లూప్ చేయవచ్చు. శ్రుతి మారకుండా వేగం తగ్గించవచ్చు, వేగం మారకుండా స్కేల్ మార్చవచ్చు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది లూప్, వేగం. చరణంలో రెండు బార్ల (తాళం రెండుసార్లు తిరిగేంత) ముక్కను సగం వేగంలో పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ తీగ మీద వెతుక్కోవడం ఒకప్పుడు కేసెట్ రివైండ్ చేసి చేసి బటన్ విరిగేదాకా చేసిన పని. ఇప్పుడు కూర్చున్న చోటే, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఒక పాట అయిపోతుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. పైన చెప్పిన కారణానికే అదంతా వృథా. చెవిని కప్పే హెడ్‌ఫోన్స్ కావాలి.

మొదట పెట్టిన పాటల్లో మౌనరాగంలోని "మల్లెపూల చల్లగాలి" ఒకటి. 1986 పాట. మేము ఏళ్ల తరబడి వాయిస్తున్నదే. కీబోర్డ్ అన్న రాసిచ్చిన కార్డ్స్ పట్టుకొని, వాటి రూట్ నోట్ల మీద నడిపేవాళ్లం. గొంతు, డ్రమ్స్ తీసేసి బేస్ ఒక్కదాన్నే వినిపిస్తే రిహార్సల్ గదిలో అందరూ మాటలు ఆపేశారు. కింద ఇంకో పాట నడుస్తోంది. గాయకుడి మెలోడీ ఆగిన చోట అది కదులుతుంది, మెలోడీ కదిలిన చోట అది తగ్గి నిలబడుతుంది. కార్డ్ మారకముందే తర్వాతి కార్డ్ వైపు అడుగులు వేస్తుంది. కీబోర్డ్ అన్న రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి కూడా. రూట్ చాలు అన్న మాట ఆ పాట వరకైతే మళ్లీ రాలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. ఇళయరాజా పాటల్లో బేస్‌ను ఆయనే స్టాఫ్ నొటేషన్‌లో రాసి వాయిద్యకారుడి ముందు పెడతారన్నది అందరికీ తెలిసిన విషయమే. ఎనభైల్లో చాలా పాటలకు బేస్ వాయించిన శశిధరన్ గారి చేతి గొప్పదనం ఆ నాదంలో, టైమింగ్‌లో ఉంది. ఏ నోటు తర్వాత ఏది రావాలన్నది మాత్రం స్వరకర్త నిర్ణయం. అలాంటప్పుడు "నా స్టైల్లో వాయిస్తా" అని బేస్‌ను మార్చడమంటే పల్లవి ట్యూన్‌ను మార్చినట్టే. గాయకురాలు పల్లవిలో సొంత సంగతి వేస్తే కళ్లెర్ర చేసే మనం, బేస్ విషయంలో ఎందుకు ఊరుకుంటాం? వినబడదు కాబట్టి. అంతకు మించి కారణం లేదు.

అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌కు తరచుగా ముందు పెట్టేది కార్డ్స్ షీటే. దాని మీద అతను అప్పటికప్పుడు అల్లేవాడు, అదీ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో. అతను వాయించిన అలాంటి పాట ఒకదాన్ని యాప్‌లో పెట్టి బేస్ ఒక్కదాన్నే విన్నాను. ఒక చరణంలో చేసినది ఇంకో చరణంలో అచ్చంగా దొరకదు. ఇప్పుడు దాన్ని నోటు నోటు దించి, ప్రతి ప్రోగ్రామ్‌లో అదే వాయిస్తే ఒరిజినల్‌కు కట్టుబడినట్టా? ఆ రోజు ఆ గదిలో అతను చేసిన పని అల్లడం. నోట్లు కాపీ కొడితే ఆ పని చేసినట్టు కాదు. నేర్చుకోవడానికి మాత్రం దించాల్సిందే. ఒకసారి పూర్తిగా దించాక ఆ కార్డ్స్ మీద మీరు ఏం మాట్లాడగలరో చూడండి. మా డ్రమ్మర్ దీనికి ఇప్పటికీ ఒప్పుకోడు.

దీంతో నాకు ఒక అలవాటు వచ్చింది, యాప్ కొన్నవాళ్లు తప్పక చేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం. కొత్తగా నేర్చుకునే పాట ఏదైనా సరే, మొదటి చరణం, రెండో చరణం బేస్ మాత్రం పెట్టి ఒకదాని వెంట ఒకటి వినండి. అలాగే పల్లవి మొదటిసారి ఎలా ఉంది, చివరిసారి ఎలా ఉంది. అచ్చుగుద్దినట్టు ఉంటే అది చాలావరకు రాసిపెట్టిన లైను. మీరూ అలాగే వాయించండి. ప్రతిసారీ కొంచెం కొంచెం మారుతుంటే, వాయించినవాడికి స్వేచ్ఛ ఇచ్చారని అర్థం. అప్పుడు మారని నోట్లు ఏవో పట్టుకొని, మిగతాచోట మీ చెయ్యి ఆడించండి. ఈ పరీక్ష పాత పాటలకే పనిచేస్తుంది. కంప్యూటర్‌లో పాటలు తయారవుతున్నప్పటి నుంచి నాలుగు బార్లు వాయించి మిగతా పాటంతా కాపీ పేస్ట్ చేయడం మామూలే కాబట్టి, ఒకేలా ఉందంటే అది స్వరకర్త నిర్ణయమో, స్టూడియోలో టైమ్ లేకపోవడమో చెప్పలేం.

కొన్ని పాటలకు ఏ పరీక్షా అక్కర్లేదు. మైకేల్ జాక్సన్ "బిల్లీ జీన్"లో ముందు డ్రమ్స్, వెంటనే బేస్. గొంతు రాకముందే జనం కేక వేసేది ఆ బేస్‌కే. ఆ పాట ఉన్న థ్రిల్లర్ ఆల్బమ్ 1982లో వచ్చింది, బేస్ వాయించింది లూయిస్ జాన్సన్. క్వీన్ బ్యాండ్ 1980 పాట "అనదర్ వన్ బైట్స్ ద డస్ట్" అయితే బేసిస్టు జాన్ డీకన్ రాసినదే, పాటంతా ఆ లైను మీదే నిలబడింది. ఇలాంటి చోట సొంత తెలివి చూపించేవాడిని స్టేజీ దింపేయాలి. హోటల్ కాలిఫోర్నియా మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. మన దగ్గర ప్రతి బ్యాండూ వాయించే పాట. చాలామంది బేసిస్టులు బార్ నిండా నోట్లు కూరుతారు. విడదీసి వింటే ఆ పాట చేసిన ఈగిల్స్ బ్యాండ్ బేసిస్టు ర్యాండీ మైస్నర్ వదిలిన ఖాళీలు తెలుస్తాయి. రెగ్గే వాసన అక్కడి నుంచే వస్తోంది. ఆ పాటకు నమ్మకంగా ఉండటమంటే, వాయించని చోట చెయ్యి కట్టేసుకోవడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా ముందు వరసలో చుట్టాలు వీడియో తీస్తున్నప్పుడు.

ఇంకో తమాషా. కాలేజీ ఫెస్టుల్లో కుర్రాళ్లు అడిగే "సెవెన్ నేషన్ ఆర్మీ"ని బేసిస్టులందరం తొడగొట్టి వాయిస్తాం. 2003లో ఆ పాట చేసిన బ్యాండ్‌లో ఉన్నది ఇద్దరే, బేసిస్టే లేడు. అది జాక్ వైట్ గిటార్‌ను పెడల్‌తో ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కిందికి దించి వాయించిన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క). యాప్‌కు కూడా దాన్ని ఎటు వేయాలో తేలక కొంత బేస్ వైపు, కొంత "మిగతావి" వైపు పంచింది. ఈ పాటలో ఒరిజినల్ బేస్‌కు కట్టుబడతాను అనేవాడు ఇంట్లో కూర్చోవాలి.

ఇక ఫిర్యాదులు. ఇవి చిన్నవి కావు.

మన పాటలకు ఈ యాప్‌లు పూర్తిగా సిద్ధంగా లేవు. తబలాలో ఎడమచేతి డగ్గా ఉంది చూశారూ, అది గుమ్మని జారే ధ్వని. యాప్ చెవికి అది బేస్ గిటార్ స్లయిడ్ లాగే ఉంటుంది. ఢోలక్ ఎడమవైపు కూడా అంతే. తబలా గట్టిగా ఉన్న పాట పెడితే బేస్ ట్రాక్‌లో బేస్, డగ్గా కలగలిసి వస్తాయి. కొన్నిచోట్ల అసలు బేస్ నోటే డగ్గా కింద మునిగిపోతుంది. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు చెవి రావాలంటే విడివిడి ట్రాకులు దొరికే పాటలు ఇచ్చి నేర్పాలి. పరిశోధకులు ఎక్కువగా వాడే మ్యూస్‌డీబీ18 అనే సేకరణలో ఉన్నది 150 పాటలు, మొత్తం పది గంటల సంగీతం, అదీ ఎక్కువగా పాశ్చాత్య పాప్, రాక్. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అన్న నాలుగు గదులు కూడా ఆ సంగీతానికి కుట్టిన చొక్కా. డ్రమ్స్ గది అంటే దాని దృష్టిలో డ్రమ్ కిట్. మృదంగం ఏ గదిలో కూర్చోవాలో దానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కంపెనీలు సొంతంగా ఇంకా పాటలు సేకరించి నేర్పుతుండవచ్చు, కానీ నా ఫోన్‌లో ఫలితం మాత్రం ఇదీ.

రెండోది నోటు తోక. యాప్ చాలాసార్లు నోటు చివరను కత్తిరిస్తుంది. డ్రమ్ దెబ్బ పడినప్పుడు బేస్ మోత ఒక క్షణం మాయమై మళ్లీ వస్తుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు దాన్నే విని, అక్కడ నోటును పొట్టిగా ఆపాలేమో అనుకుంటాడు. ఎడమచేతితో తీగను ఊరికే తాకి టక్‌మని వాయించే ఘోస్ట్ నోట్లు డ్రమ్స్ వైపు వెళ్లిపోతాయి. గ్రూవ్ సగం వాటిలోనే ఉంటుంది. ఆక్టేవ్ కూడా తికమకే. కింది నోటు బలహీనంగా ఉన్న పాత రికార్డింగుల్లో పై ఆక్టేవ్ మాత్రం మిగులుతుంది. మా డ్రమ్మర్ ఒకసారి "యాప్‌ల ఇట్లనే ఉంది సార్" అని వాదిస్తే, మొత్తం పాట పెట్టి వినిపించాల్సి వచ్చింది. యాప్‌కు కట్టుబడటం, రికార్డుకు కట్టుబడటం రెండూ ఒకటే అనుకుంటే దొరికిపోతాం. నేను చేసేది ఏమిటంటే, బేస్ ట్రాక్ మీద లైను పట్టుకున్నాక స్లైడర్లన్నీ మామూలుగా పెట్టి, పూర్తి పాటతో కలిసి వాయిస్తాను. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ మళ్లీ వెతుకుతాను.

కార్డ్స్ చూపించే సౌకర్యం ఉంది గానీ నమ్మకండి. మేజర్, మైనర్ వరకు ఫర్వాలేదు. బేస్ రూట్ మీద కాకుండా మూడో స్వరం మీదో ఐదో స్వరం మీదో నిలబడిన చోట, అది బేస్ నోటునే కార్డ్ పేరుగా రాసేస్తుంది. ఇళయరాజా పాటల్లో అలాంటి చోట్లకు లెక్కలేదు.

ఈ మధ్య వచ్చిన మాస్ పాటల్లో బేస్ అంటే చాలాసార్లు గిటార్ కాదు, సింథ్. లేదంటే 808 అనే డ్రమ్ మెషీన్‌లోని కిక్‌ను, అంటే పెద్ద డ్రమ్ దెబ్బను, సాగదీసిన మోత. కిక్ ఏదో బేస్ ఏదో యాప్ విడదీయలేదు, విడదీయమని అడగడమూ అన్యాయమే, ఎందుకంటే అవి రెండూ ఒకటే. ఆ పాటలకు నేను ఐదు తీగల బేస్ తీస్తాను. దాని అడుగు బీ తీగ 30.9 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఆ శబ్దాన్ని పూర్తిగా తెస్తానని మాత్రం మాటివ్వను.

యాప్ వల్ల లైను చేతికి వచ్చింది, మరి స్టేజీ మీద దాన్ని ఉన్నదున్నట్టు వాయించగలమా? ఇక్కడ యాప్‌కు సంబంధం లేని మూడు అడ్డంకులు వస్తాయి, కీబోర్డ్ అన్న మాటలో కొంత నిజం ఉందని తెలిసేది ఇక్కడే.

ఒకటి ఫంక్షన్ హాలు. గ్రానైట్ నేల, గాజు తలుపులు, ఎత్తైన సీలింగు. 41 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. గోడలకు కట్టిన తెరలు, కుర్చీల మీద గుడ్డలు పైస్థాయి ధ్వనులను కొంత పీల్చుకుంటాయి గానీ ఈ తరంగాన్ని ఏమీ చేయలేవు. నిమిషానికి 110 బీట్ల పాటలో ఎయిత్ నోట్స్, అంటే బీట్‌కు రెండు నోట్లు, వాయిస్తే ఒక్కో నోటుకు దక్కేది పావు సెకనుకు కాస్త ఎక్కువ. హాల్లో ఆ గుమ్మనే మోత రెండు సెకన్లు నిలిచిందనుకోండి, ఏడు నోట్లు ఒకదాని మీద ఒకటి మోగుతుంటాయి. మీరు ఎంత నమ్మకంగా వాయించినా జనానికి వినిపించేది బురద. అలాంటి హాల్లో నేను ఆ లైనులో బీట్ మీద పడే ముఖ్యమైన నోట్లు ఉంచి, మధ్యవి తీసేస్తాను. మిగిలినవాటిని అరచేతి అంచుతో తీగను నొక్కి పొట్టిగా వాయిస్తాను. అదే పాట గార్డెన్ ఫంక్షన్‌లో, ఆకాశం కింద పూర్తిగా వాయిస్తాను. తీసేయడం ఇంప్రొవైజేషన్ కిందికి వస్తుందా అని డ్రమ్మర్ అడిగాడు. వస్తుంది. నా లెక్కలో అన్నిటికన్నా కష్టమైన ఇంప్రొవైజేషన్ అదే.

రెండు, స్కేల్. మా గాయని అక్క గొంతుకు కొన్ని పాటలు రెండు మెట్లు దించాలి. ఒరిజినల్ 'ఈ' మైనర్ అనుకుందాం, అడుగు నోటు వదిలేసిన 'ఈ' తీగ. రెండు మెట్లు దిగితే డీ, అంటే 36.7 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌లో ఆ నోటు లేదు. తీగను వదులు చేసి డీకి దించాలి, లేదా ఐదు తీగలది పట్టాలి, లేదా ఆ ముక్కను ఒక ఆక్టేవ్ పైకి ఎత్తాలి. ఆక్టేవ్ ఎత్తితే పేరుకు అవే నోట్లు, కానీ పాట కింద నేల పోతుంది. యాప్‌లో స్కేల్ మార్చి ముందే విని చూసుకోవచ్చు, ఈ సౌకర్యం నిజంగా గొప్పది. నాలుగు మెట్లు మారిస్తే నాదం ప్లాస్టిక్‌లా అవుతుంది గానీ, అంచనాకు చాలు.

మూడోది ఎవరూ మాట్లాడరు. రికార్డులో పెద్ద వయొలిన్ బృందం, ఫ్లూట్, రెండు గిటార్లు, కీబోర్డ్ ఉంటాయి. అంతమంది కార్డ్‌ను పట్టుకొని ఉన్నారు కాబట్టి బేస్ తన దారిన తిరిగి రాగలిగింది. మా స్టేజీ మీద మేము ఐదుగురం. ఇంటర్లూడ్‌లో కీబోర్డ్ అన్న కుడిచేత్తో ఫ్లూట్, ఎడమచేత్తో వయొలిన్లు వాయిస్తుంటే కార్డ్ చెప్పే చెయ్యే లేదు. అప్పుడు బేస్ కూడా ఒరిజినల్‌లో లాగా పైకి ఎగిరిపోతే పాట ఏ కార్డ్‌లో ఉందో గాయనికే అర్థం కాదు. కాబట్టి అక్కడ బార్ మొదట్లో రూట్ గట్టిగా వేసి, మిగతా లైను వీలైనంత కలుపుతాను. పల్లవి, చరణాల్లో మాత్రం ఉన్నది ఉన్నట్టే. ఈ ఒప్పందం మీద ముగ్గురం సంతకాలు పెట్టినంత పని చేశాం. చివరి పల్లవి తర్వాత వచ్చే బార్లు నావి. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అనకూడదు. ఎనిమిది బార్లు అడిగాను, నాలుగు ఇచ్చారు.

ధర సంగతి. ఏడాది చందా నాకు ఒక సెట్ మంచి బేస్ స్ట్రింగ్స్ ధర దరిదాపుల్లోనే పడింది, కాబట్టి బాధ లేదు. చందా కట్టకుండా వాడే పద్ధతి ఉంది గానీ, పరిమితులు చూస్తే రుచి చూపించడానికే అని తెలిసిపోతుంది. లాప్‌టాప్ మీద కాస్త ఓపిక ఉన్నవాళ్లకు ఉచిత మార్గం ఉంది. డీజర్ అనే ఫ్రెంచి మ్యూజిక్ కంపెనీ 2019లో స్ప్లీటర్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఫేస్‌బుక్ పరిశోధకులు చేసిన డీమక్స్ కూడా ఉచితమే. నా చెవికి బేస్ విషయంలో డీమక్స్ మెరుగు. కమాండ్లు టైప్ చేయాలి, పాత లాప్‌టాప్ అయితే ఒక పాటకు టీ తాగి రావచ్చు. లూపు, వేగం వేరే ప్లేయర్‌లో చూసుకోవాలి. నేను డబ్బు కట్టింది విడదీయడానికి కాదు, ఆ లూప్ బటన్ కోసం.

పాటలు మాత్రం యాప్ ఇవ్వదు, మనమే ఫైల్ తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచో వీడియోలోంచి లాగిన ఆడియో పెడితే, అప్పటికే ఒకసారి పిండిన ధ్వనిని ఇంకోసారి పిండినట్టవుతుంది, బేస్‌లో నీళ్లలో మాట్లాడినట్టు గుడగుడ వస్తుంది. సీడీ ఉంటే దానిలోంచి తీసుకోండి, లేదా కొనుక్కున్న మంచి ఫైల్. పని అంతా వాళ్ల సర్వర్ల మీద జరుగుతుంది కాబట్టి నెట్ లేకపోతే కొత్త పాట విడదీయడం కుదరదు. ప్రోగ్రామ్‌కు బయల్దేరే ముందే అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. పెళ్లికొడుకు బాబాయ్ చివరి నిమిషంలో ఏదో పాట అడుగుతాడు, ఫంక్షన్ హాలు సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు.

అడిగేవాళ్ల కోసం నా మార్కులు. ఇంగ్లీషు పాటలు, ఎనభై, తొంభైల్లో డ్రమ్ కిట్ వాడిన సినిమా పాటలు ఎక్కువ వాయించేవాళ్లకు ఐదుకు నాలుగున్నర. తబలా, ఢోలక్ పాటలు ఎక్కువ ఉన్న ఆర్కెస్ట్రావాళ్లకు రెండున్నర, అదీ లూప్, వేగం ఉన్నందుకు. కొత్తగా బేస్ పట్టినవాళ్లు ఆరు నెలలు దీని జోలికి పోకపోవడమే మంచిది. పూర్తి పాటలోంచి బేస్‌ను చెవితో పట్టుకోవడం ముందు రావాలి. లేకపోతే యాప్ చేసిన తప్పు తప్పని ఎప్పటికీ తెలియదు.

కొనేముందు ఉచిత ట్రయల్‌లో వాళ్లు చూపించే డెమో పాట వినకండి, అది ఎలాగూ బాగుంటుంది. మీ సెట్ లిస్టులో తబలా అన్నిటికన్నా గట్టిగా మోగే పాట ఒకటి లోడ్ చేసి, రెండో చరణం దగ్గర బేస్ ఒక్కటే పెట్టి వినండి. అక్కడ మీకు లైను దొరికితే డబ్బు కట్టండి.